బూషా మూడోసారి ఆగితే

మా క్లబ్బుకి ఒక్కటే నియమం. అది ఏ కాగితం మీదా రాసి లేదు గానీ, దాన్ని కాదన్నవాడు నాకు తెలిసి ఎవడూ లేడు. కారు తన చక్రాల మీద తానే రావాలి. ఒక్క వేసవిలో మూడుసార్లు టో ట్రక్కుకి వేలాడుతూ ఇంటికి పోయిందంటే, వుడ్‌వర్డ్ రోడ్డు పక్కన సైలెన్సర్ల షాపు ముందు ఆ కారుకున్న చోటు పోయినట్టే. మొత్తం పద్నాలుగు చోట్లు. వాటిలో మొదటిది, మూల మీదిది, మధ్యాహ్నం రెండయ్యేసరికి నీడ పడేది, ముప్ఫై ఎనిమిదేళ్ళుగా మాది. అందరూ దాన్ని కాజ్ చోటు అంటారు. కాజ్ మా ఆయన. జనవరిలో పోయాడు.

జూలై ముగిసేసరికి మా కారు రెండుసార్లు వేలాడింది. ఇక మిగిలింది ఆగస్టు మూడో శనివారం, పాత కార్ల పండగ. ఆ రోజు వుడ్‌వర్డ్ పొడుగునా పాత కార్లే. జనం పొద్దున్నుంచే కుర్చీలు వేసుకుని కాలిబాటల మీద కూర్చుంటారు. ఆ రోజు, వాళ్ళందరి ముందూ, కారు మూడోసారి ఆగితే మా చోటు పోతుంది.

కారు సంగతి చెప్పాలి. అరవై తొమ్మిది మోడల్, ఎనిమిది సిలిండర్లు, ముదురాకుపచ్చ. పేరు బూషా. మా పోలిష్ ఇళ్ళల్లో నాయనమ్మని అలాగే పిలుస్తాం. మా నాయనమ్మకీ దీనికీ ఒకటే గొంతు, ఒకటే మొండితనం, అందుకని నేనే ఆ పేరు పెట్టాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడున్న సరుకులో సగం కూడా ఇప్పుడు దానిలో లేదు. క్యామ్ షాఫ్టు మార్చాను, నాలుగు నోళ్ళ పెద్ద కార్బ్యురేటర్ ఎక్కించాను, పాత పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాను. అవును, నేనే. ఇంజన్ల ప్లాంటులో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసిన చేతులివి. కాజ్ బేకరీ వ్యాను నడిపేవాడు. అతనికి కారు తోమడం వచ్చు, నడపడం వచ్చు, బానెట్ ఎత్తి దాని ముందు చేతులు కట్టుకుని నిలబడటం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు.

ఎవరైనా వచ్చి "భలే పలుకుతోంది కాజ్, ఏం చేశావేంటి?" అంటే నవ్వి ఊరుకునేవాడు. అబద్ధం చెప్పలేదు పాపం. నిజమూ చెప్పలేదు. నేను పక్కన మడత కుర్చీలో కూర్చుని, ఇంట్లో వండి తెచ్చిన పియెరోగీలు, అంటే మా పోలిష్ కుడుములు, అందరికీ వడ్డిస్తుండేదాన్ని. నేనూ నోరు విప్పలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

బూషా మొదటిసారి ఆగింది జూన్‌లో. ఇంటి నుంచి బయల్దేరిన ఇరవై నిమిషాలకి చిన్నగా దగ్గింది, రెండు కుదుపులు కుదిపింది, నడిరోడ్డు మీద ఆగిపోయింది. తాళం తిప్పితే స్టార్టర్ గిర్రున తిరుగుతోంది గానీ ఇంజన్ అందుకోవడం లేదు. నేను దిగేలోపే క్లబ్బు వాళ్ళ కార్లు నాలుగు ఆగాయి. బానెట్ ఎత్తారు. ఆరు తలకాయలు లోపలికి దూరాయి. ఏడోది పట్టే సందు లేదు.

"వేడికి పైపులోనే పెట్రోల్ ఆవిరైపోతోంది. క్లిప్పులు పెట్టాలి," అన్నాడొకడు. ఇది మా వైపు పాత నమ్మకం. బట్టలారేసే చెక్క క్లిప్పులు పెట్రోల్ పైపుకి పెడితే వేడి లాగేస్తాయంటారు. అతను తన డిక్కీలోంచి డజను క్లిప్పులు తెచ్చి వరసగా పెట్టాడు. ఇంజన్ మీద చొక్కాలు ఆరేయడం ఒక్కటే తక్కువ. కారు మాత్రం స్టార్టవ్వలేదు. టో ట్రక్కు వచ్చింది, బూషా వేలాడింది. ఇంటికొచ్చి గంటాగి తాళం తిప్పితే, ఏమీ ఎరగనట్టు మొదటి తిప్పుకే అందుకుంది.

అప్పుడు ప్లగ్గులకి నిప్పు పంపే కాయిల్ మార్చాను. కాయిల్ వేడెక్కి చచ్చిపోవడం, చల్లారాక మళ్ళీ బతకడం ఉన్న జబ్బే. దాని మీద నమ్మకం చాలక ట్యాంకులోంచి పెట్రోల్ లాగే పంపు కూడా కొత్తది వేశాను. ఇంటి చుట్టుపక్కల పది నిమిషాలు తిప్పితే పువ్వులా నడిచింది. జూలైలో ధైర్యం చేసి వుడ్‌వర్డ్ ఎక్కాను. మళ్ళీ ఇరవై నిమిషాలకే దగ్గు, కుదుపు, మౌనం.

ఈసారి ఎర్ల్ ట్రాంబ్లీ వచ్చి నా కిటికీ మీద మోచెయ్యి ఆనించాడు. మా క్లబ్బు పెద్ద అతనే.

"చూడమ్మడూ," అన్నాడు. "ఈ ఇంజన్ కాజ్ చేతికి అలవాటు పడింది. ఆ చెయ్యి పోయాక దీనికీ ప్రాణం పోయింది. నీ తప్పేం లేదిందులో."

"నేను నీకంటే ఏడాది పెద్దదాన్ని ఎర్ల్. అమ్మడూ ఏంటి అమ్మడూ?"

"సరే, పెద్దదానివే. నా మాట విను. పండగ రోజు దీన్ని ట్రెయిలర్ మీద ఎక్కించుకొచ్చెయ్. మావాళ్ళు ఎవ్వరూ ఏమీ అనకుండా నేను చూసుకుంటా. కాజ్ మొహం చూసి నీకు మాఫీ."

"నాకొద్దు మాఫీ."

"వద్దంటే మరి నియమం నియమమే. పండగ రోజు మధ్యాహ్నం దాకా ఎవరి చోటు వాళ్ళదే. మూడోసారి ఆగితే ఆ చోటు మా అల్లుడికిద్దామనుకుంటున్నాం. పాపం, కుర్రాడు ఎన్నాళ్ళ నుంచో చూస్తున్నాడు."

"కుర్రాడికి యాభై రెండేళ్ళు, ఎర్ల్."

తిడితే తిరిగి తిట్టేదాన్ని. జాలిపడితే ఏం చెయ్యను? ట్రెయిలర్ మీద ఊరేగి వచ్చే కారుని మావాళ్ళు పల్లకీ రాణి అంటారు. ఎదురుగా ఏమీ అనరు, కారు వెళ్ళాక నవ్వుతారు. మా బూషాని చూసి అలా నవ్వించడం కంటే దాన్ని గ్యారేజీలోనే పూడ్చిపెట్టడం నయమనిపించింది.

టో ట్రక్కు రెండుసార్లూ నా స్నేహితురాలు ఓపల్‌దే. ప్లాంటులో పదిహేనేళ్ళు నా పక్క లైన్లో పనిచేసింది, రిటైరయ్యాక ట్రక్కు కొనుక్కుంది. ఇంటిదాకా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మాటలతో పొడుస్తూనే ఉంది.

"ఏమే వాండా, నన్ను చూడాలనిపిస్తే ఫోన్ చెయ్యొచ్చు కదే. కారు ఆపుకుని మరీ పిలవాలా?"

"నోర్ముయ్."

"మూస్తాలే గానీ, ప్లాంటులో ఇంజన్ ఆగిపోతే ఏం చూసేదానివి నువ్వు?"

"మూడు చూసేదాన్ని. నిప్పు, పెట్రోల్, గాలి."

"మరి దీనికి చూశావా?"

చూడలేదు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. ఆగిన రెండుసార్లూ మగవాళ్ళు తలలు దూర్చారు, నేను పక్కకి జరిగి నిలబడ్డాను. ఇంటికొచ్చేసరికి ఇంజన్ బాగైపోయేది, బాగున్న ఇంజన్లో జబ్బు ఎక్కడని వెతకను? ఊహించి ఒకటి, భయపడి ఒకటి మార్చుకుంటూ పోయాను. నిన్నగాక మొన్న స్పానర్ పట్టినవాళ్ళు చేసే పని అది. ఆగినప్పుడే చూడాలి, ఆగిన చోటే చూడాలి.

"ఆదివారం పొద్దున ఖాళీగా ఉన్నావా?" అన్నాను.

"చర్చి ఉంది."

"దేవుడేమీ అనుకోడులే."

మూతపడిన ప్లాంటు వెనక పొడవాటి రోడ్డు ఒకటుంది, ఆదివారాలు అక్కడ పిల్లి కూడా తిరగదు. బూషా ట్యాంకు నిండా పెట్రోల్ పోయించి ఆ రోడ్డు మీద అటూ ఇటూ తిప్పడం మొదలెట్టాను. ఓపల్ వెనకాలే వచ్చింది. కొక్కెం తగిలించనంతవరకూ టో కిందికి రాదు కాబట్టి నియమం చెడలేదు. ఇరవై రెండో నిమిషంలో బూషా దగ్గింది. కారు ఆగుతుంటే అంత సంతోషపడిన మనిషి ఈ ఊళ్ళో ఇంకొకరుండరు.

బానెట్ ఎత్తాను. ఒక్క తలకాయ కూడా అడ్డు లేదు. వెంట తెచ్చిన ప్లగ్గుని వైరుకి తగిలించి, దాని ఒంటిని ఇంజన్ ఇనుముకి ఆనించి, ఓపల్‌ని తాళం తిప్పమన్నాను. టక్ టక్‌మని నీలంగా నిప్పు దూకింది. నిప్పుంది. అంటే కాయిల్‌ని అనవసరంగా అనుమానించాను. తర్వాత గాలి ఫిల్టర్ తీసి కార్బ్యురేటర్ గొంతులోకి చూస్తూ, చేత్తో యాక్సిలరేటర్ మీట కదిపాను. మామూలుగా అయితే రెండు సన్నని ధారలు పిచికారీలా కొట్టాలి. చుక్క లేదు. లోపలంతా ఎండిపోయి ఉంది. పెట్రోల్ పైపు పట్టుకుని చూశాను, గోరువెచ్చగా ఉంది, ఆవిరయ్యేంత వేడి కాదు. క్లిప్పుల సంగతి కూడా తేలిపోయింది.

"ట్యాంకులో ఉందా అసలు?" అంది ఓపల్.

"పొద్దున్నే నిండా పోయించాను కదే."

"ఓసారి చూస్తే నీ సొమ్మేం పోతుంది?"

బూషాకి పెట్రోల్ మూత వెనకవైపు, రెండు ఎర్ర లైట్ల నడుమ, వెనకొచ్చే బండి వాళ్ళకి ఎదురుగా కనబడేలా ఉంటుంది. ఇదివరకు అక్కడ గుంటలు పడిన పాత మూత ఉండేది. కాజ్ దాన్ని ఎంత తోమినా మెరిసేది కాదు, చచ్చేదాకా దాన్ని తిడుతూనే ఉన్నాడు. అతను పోయాక, ఫిబ్రవరిలో, నేను గట్టి అల్యూమినియం దిమ్మెలోంచి కొత్త మూత చేయించాను. అద్దంలా మెరుగు పెట్టించి, దాని మీద కాజిమిర్ అని పూర్తి పేరు చెక్కించాను. ఆ రోజుల్లో ఎవరూ ఆపకపోతే ఫ్రిజ్ మీద కూడా అతని పేరు చెక్కించేదాన్ని.

ఆ మూత తిప్పబోతే తిరగలేదు. పచ్చడి సీసా మూతలా బిగుసుకుపోయింది. రెండు చేతులూ వేసి తిప్పాను. కదిలింది. కదలగానే హుస్సుమంటూ, ఊపిరి అందక మునిగి తేలిన మనిషిలా, ట్యాంకు పెద్దగా గాలి లోపలికి పీల్చుకుంది. ట్రక్కు దగ్గరున్న ఓపల్‌కి కూడా వినబడింది.

"అదేంటే ఆ చప్పుడు?"

మూత తిరగేసి చూశాను. ఎక్కడా సూదిమొన దూరే సందు లేదు. పాత మూతకి మధ్యలో చిన్న చిల్లుండేది. ఈ కాలపు కార్లలో ట్యాంకుకి గాలి రావడానికి దారులు వేరే ఉంటాయి, బూషాకి ఆ చిల్లొక్కటే ముక్కు. నూనె డబ్బాకి ఒక్కటే చిల్లు పెట్టి వంచితే కాసేపు కారి ఆగిపోతుంది చూడండి, అదే ఇది. ఇంజన్ పెట్రోల్ లాగే కొద్దీ దాని చోటులోకి గాలి రావాలి. రాకపోతే ఇరవై నిమిషాలకి పంపు ఎంత లాగినా చుక్క కదలదు. గంటసేపు ఊరికే వదిలేస్తే సందుల్లోంచి కాస్త గాలి దూరుతుంది, మళ్ళీ స్టార్టవుతుంది. దూరం వెళ్తున్నానని ప్రతిసారీ ట్యాంకు నింపేదాన్ని, నిండిన ట్యాంకులో గాలి తక్కువ కాబట్టి ఇంకా తొందరగా ఆగేది. ఇదంతా నాకు తెలుసు. ప్లాంటులో కొత్తవాళ్ళకి నేర్పిందాన్ని. మూత చేయించేటప్పుడు మాత్రం తట్టలేదు, ఎందుకంటే అప్పుడు నేను మెకానిక్‌ని కాదు, మొగుడు పోయినదాన్ని.

రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను. ఓపల్ వచ్చి పక్కన కూలబడింది. దాని మోకాళ్ళకి కింద కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

"చిల్లు వేసెయ్యవే మూతకి. రెండు నిమిషాల పని," అంది చివరికి.

"ముందు రుజువు కానీ."

ఒక్కసారి చూసి సంతకం పెట్టే అలవాటు ప్లాంటులో లేదు. మూత వదులుగా పెట్టి తాళం తిప్పగానే బూషా స్టార్టయింది. మళ్ళీ గట్టిగా బిగించి తిప్పాను, ఇరవై నాలుగు నిమిషాలకి ఆగింది. మూత వదులు చేశాను, స్టార్టయింది. ఆ తర్వాత వదులు మూతతోనే గంట సేపు తిప్పాను. ఒక్క దగ్గు లేదు. ఓపల్ ట్రక్కులో నిద్రపోయింది.

ఇంటికొచ్చి మూతని డ్రిల్లు కింద బిగించాను. పేరు నడిమధ్య, ఆ అక్షరాల మీదే చిల్లు పడుతుంది. చెయ్యి రాలేదనుకుంటారేమో. చెయ్యి బాగానే వచ్చింది, స్విచ్చి మీదే ఉంది. కానీ అలా నిలబడి ఉంటే కోపం వచ్చింది. చిల్లు వేస్తే మూత పనిచేస్తుంది, నిజమే. పనిచేస్తే అది అక్కడే ఉంటుంది. నా వెనక వచ్చే ప్రతివాడూ ఆ పేరు చదివి, కాజ్ కారు, కాజ్ చెయ్యి, కాజ్ చోటు అంటూనే ఉంటాడు. నేను పోయాక కూడా అంటాడు. కాజ్ అంటే నాకు ప్రాణమే. కానీ ఆ ఇంజన్ నాది. బోల్టులు వేసుకునే కాఫీ డబ్బా బోర్లించి గుంటల మూత వెతికి తీశాను. ఎనభై నాలుగులో పాత ఇనుము దుకాణంలో మోకాళ్ళ మీద కూర్చుని నేనే ఏరుకొచ్చిన మూత అది.

ఆ శనివారం పొద్దున ఓపల్ ఫోన్ చేసింది. "వెనకాల రానా?"

"నీ ట్రక్కు నా వెనక కనబడితే వాళ్ళు అప్పుడే నవ్వడం మొదలెడతారు. నువ్వు ముందే పోయి కుర్చీ వేసుక్కూర్చో."

ఎండ మాడ్చేస్తోంది. వుడ్‌వర్డ్ మీద కార్లు నత్తల్లా పాకుతున్నాయి. ఇరవయ్యో నిమిషం నుంచి గడియారం చూడకూడదనుకున్నాను, చూస్తూనే ఉన్నాను. ఇరవై రెండు దాటింది. ఇరవై నాలుగు దాటింది. ఇరవై ఆరులో సిగ్నల్ దగ్గర బూషా ఒక్కసారి వణికింది. పెద్ద క్యామ్ ఉన్న ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు అలా వణకడం మామూలే. కాలు కాస్త ఆనించాను, సర్దుకుంది. యాభై నిమిషాలకి, పన్నెండు కావడానికి ఇంకా ఇరవై ఉందనగా, సైలెన్సర్ల షాపు కనబడింది. మా చోట్లో ఎర్ల్ అల్లుడి నీలం కారు నిలబడి ఉంది.

కారు రోడ్డు మీదే ఆపాను, ఇంజన్ ఆపలేదు. ఎర్ల్ పరుగులాంటి నడకతో వచ్చాడు.

"నువ్వు రావనుకున్నాం వాండా. నిన్న అందరం మాట్లాడుకుని..."

"మధ్యాహ్నం దాకా ఎవరి చోటు వాళ్ళదే. ఆ మాట చెప్పింది నువ్వే."

"సరే సరే, మాట్లాడుకుందాం. ముందు పక్కకి తియ్యి. ఇక్కడ గానీ ఆగిందంటే మళ్ళీ స్టార్టవ్వదు, పరువు పోతుంది."

నేను తాళం వెనక్కి తిప్పాను. బూషా ఆగింది. తాళం తీసి జేబులో వేసుకుని కిందికి దిగాను. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. షాపు ముందున్న వాళ్ళంతా కుర్చీల్లోంచి లేచారు, ఓపల్ తప్ప. అది సోడా తాగుతోంది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు ఎర్ల్, మొహం పాలిపోయి.

"వెనక్కి రా, చూపిస్తాను. ఈ మూత చూశావా? దీనికి చిల్లుంది. కాజ్ పేరు చెక్కించి నేను పెట్టిన మూతకి లేదు. ట్యాంకుకి గాలి ఆడక ఇంజన్‌కి పెట్రోల్ అందలేదు, అదీ జబ్బు. తప్పు నాదే. నేనే పెట్టాను, నేనే కనిపెట్టాను, నేనే తీశాను. మీ క్లిప్పులు ఇంట్లో ఉన్నాయి, ఎవరివో వాళ్ళు వచ్చి పట్టుకెళ్ళండి."

"నువ్వు కనిపెట్టావా?"

"ముప్ఫై ఎనిమిదేళ్ళుగా దీని లోపల చెయ్యి పెట్టింది నేనే ఎర్ల్. క్యామ్ నేను వేశాను. కార్బ్యురేటర్ నేను ఎక్కించాను."

"మరి కాజ్?"

"కాజ్ తోమేవాడు. చాలా బాగా తోమేవాడు."

వెళ్ళి కూర్చుని, తాళం పెట్టి, అందరూ చూస్తుండగా తిప్పాను. వేడి మీదున్న ఇంజన్, నడిరోడ్డు, మండే ఎండ. మొదటి తిప్పుకే అందుకుంది. షాపు అద్దాలు గడగడలాడేలా ఒక్కసారి కాలు నొక్కి వదిలాను. అవసరం లేదు, కావాలనే నొక్కాను. ఎర్ల్ అల్లుడి వైపు తిరిగి చెయ్యి ఊపాడు. నీలం కారు వెనక్కి జరిగింది.

మూల మీద మా చోట్లో నిలిపాను. కాజ్ మడత కుర్చీ తీసి నీడ పడబోయే వైపు వేసి, అతని పేరున్న మూత దాని మీద పెట్టాను. ఎండకి అది ఎంత మెరిసిందో, చూస్తే అతను పొంగిపోయేవాడు. పియెరోగీలేవని ఇద్దరు అడిగారు, తేలేదన్నాను. తర్వాత బానెట్ ఎత్తి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

కాసేపటికి ఎవరో కొత్త మనిషి, ఊరుకాని ఊరి నుంచి వచ్చినట్టున్నాడు, ఆగి ఇంజన్ లోకి తొంగి చూశాడు. "ఇందాక విన్నాను, భలే పలుకుతోంది," అన్నాడు. "ఎవరు చేశారు దీన్ని?"

"నేను," అన్నాను.